కోల్‌కతా చైనీయుల కుటుంబ వ్యాపారాలు: తరాలు దాటి ఏది నిలిచింది, ఎందుకు నిలిచింది

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. విదేశాల్లో స్థిరపడిన చైనా కుటుంబాలు మూడు నాలుగు తరాలపాటు ఒకే వ్యాపారాన్ని ఎలా నిలుపుకున్నాయి, దానికి వాళ్ళ కుటుంబ విలువలే కారణమా అన్నది మొదటిది. వేరే దేశంలో పుట్టి పెరిగిన మనవలూ మునిమనవలూ తమను ఇంకా చైనీయులమనే ఎందుకు చెప్పుకుంటారన్నది రెండోది. వీటితోపాటు ఆగ్నేయాసియా గురించి, తెలుగువాళ్ళతో పోలిక గురించి కూడా అడిగారు, వాటికి చివర్లో వస్తాను. పై రెండూ విడివిడి ప్రశ్నలుగా కనిపిస్తాయి గాని, ఒకదాని జవాబు రెండోదానిలోనే ఉందని నా అభిప్రాయం. విలువల పాత్రను నేను కాదనను. అయితే వాళ్ళు స్థిరపడిన చోట ఏ వృత్తి వాళ్ళకు అందుబాటులో ఉంది, ఏ చట్టం వాళ్ళను దేనికి దూరం పెట్టింది అన్నది ముందు తేల్చుకోకుండా విలువల గురించి మాట్లాడితే పొగడ్త మిగులుతుంది గాని కారణం దొరకదు.

నాకు బాగా తెలిసిన ఉదాహరణ మన దేశంలోనే ఉంది. నేను చెన్నైలో తోలు సాంకేతిక శాస్త్రం చదివి, టానరీలకు, అంటే తోళ్ళు పదునుచేసే కర్మాగారాలకు, రసాయనాలు అమ్మే ఉద్యోగం మీద కోల్‌కతా వెళ్ళాను. నగరానికి తూర్పు అంచున ఉన్న టాంగ్రాలోని చైనా టానరీలతోనే నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. ఆ ఇళ్ళలో కొన్నింటిలో తండ్రి నుంచి కొడుకులకు వ్యాపారం మారడం, ఆ కొడుకులు వేరుపడటం, వాళ్ళ పిల్లలు దేశం విడిచి వెళ్ళడం దగ్గరగా చూశాను. అందుకే ఈ జవాబు ఎక్కువగా టాంగ్రా చుట్టూనే తిరుగుతుంది.

ముందు కొంత చరిత్ర. 18వ శతాబ్దం చివర, వారన్ హేస్టింగ్స్ గవర్నర్ జనరల్‌గా ఉన్న కాలంలో, టాంగ్ అచ్యూ అనే చైనా వ్యాపారికి బజ్ బజ్ దగ్గర హుగ్లీ ఒడ్డున భూమి దక్కింది. అక్కడ ఆయన చెరకు వేయించి, చక్కెర మిల్లు పెట్టి, చైనా నుంచి పనివాళ్ళను రప్పించాడు. కొద్ది ఏళ్ళకే ఆయన చనిపోయాడు, మిల్లు కూడా నిలవలేదు. ఆయన పేరుమీద వెలసిన అచీపూర్ మాత్రం ఉంది, ఏటా చాంద్రమాన నూతన సంవత్సరం వచ్చినప్పుడు కోల్‌కతా చైనీయులు అక్కడికి వెళ్ళి ఆయన సమాధి దగ్గర అగరువత్తులు వెలిగించి వస్తారు. ఒక్క తరం కూడా సాగని వ్యాపారం చేసిన మనిషి, రక్తసంబంధం లేని వేలమందికి మూలపురుషుడయ్యాడు. వ్యాపారం కొనసాగితేనే గుర్తింపు కొనసాగుతుందన్న లెక్క ఇక్కడ మొదటి అడుగులోనే తప్పుతుంది.

తరవాత వచ్చినవాళ్ళంతా ఒక్క ముద్దగా రాలేదు. కాంటనీస్ మాట్లాడేవాళ్ళు వడ్రంగం, ఓడరేవు పనులు పట్టుకున్నారు. హూబే నుంచి వచ్చినవాళ్ళు దంతవైద్యంలో, షాండాంగ్ వాళ్ళు పట్టుబట్టల వ్యాపారంలో స్థిరపడ్డారు. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని మెయిషియన్ ప్రాంతం నుంచి ఎక్కువగా వచ్చిన, హక్కా భాష మాట్లాడే హక్కాలు మొదట చెప్పులు కుట్టి, బెంటింక్ స్ట్రీట్‌లో బూట్ల దుకాణాలు తెరిచి, ఆ పైన తోళ్ళ పనిలోకి దిగారు. బయటివాళ్ళకు వీళ్ళంతా చైనావాళ్ళే. లోపల మాత్రం భాష వేరు, గుడి వేరు, శ్మశానం వేరు, పెళ్ళి సంబంధాల వల వేరు. ఒక్కొక్క వృత్తి ఒక్కొక్క ప్రాంతంవాళ్ళ చేతిలో ఉండటానికి కారణం సులువైనదే. కొత్తగా దిగినవాడికి పని నేర్పేదీ, పడుకోవడానికి చోటిచ్చేదీ సొంత జిల్లావాడే కాబట్టి, మొదట వచ్చినవాడు ఏ పనిలో కుదురుకుంటే వెనక వచ్చినవాళ్ళూ అందులోనే కుదురుకున్నారు.

తోళ్ళ పనే హక్కాలకు ఎందుకు దక్కింది? ఈ ప్రశ్నకు జవాబు చైనాలో వెతికితే దొరకదు, మన కులవ్యవస్థలో దొరుకుతుంది. చచ్చిన పశువు తోలును ముట్టుకునే పనిని మన ప్రాంతంలో మాదిగల మీద, బిహార్, బెంగాల్ వైపు చమార్ల మీద రుద్దారు. ఆ పని చేసినవాళ్ళకు దానిలో పెట్టుబడి పెట్టే స్తోమత లేకుండా చేశారు, పెట్టుబడి ఉన్న కులాలు ఆ పని దరిదాపులకు రాలేదు. ఆ మధ్యన ఏర్పడిన ఖాళీలోకి ఈ కులాల లెక్కలో లేనివాళ్ళు వచ్చారు. దక్షిణాన వాణియంబాడి, ఆంబూరు వైపు ముస్లిం వర్తకులు ఆ చోటులో ఉన్నారు, కోల్‌కతాలో హక్కాలు ఉన్నారు. టాంగ్రా చిత్తడి నేలలో 1910ల నుంచి వాళ్ళు టానరీలు కట్టుకుంటూ వచ్చారు. రెండు ప్రపంచ యుద్ధాల్లో సైన్యానికి కావలసిన బూట్లు, తోలు పట్టీలు ఆ పరిశ్రమను పెంచాయి. మనవైపు తంగేడు చెక్కతో, కరక్కాయతో వారాల తరబడి తోలు పదును చేసే రోజుల్లో టాంగ్రాలో క్రోమియం లవణాలతో త్వరగా పదును చేసే క్రోమ్ పద్ధతి వేళ్ళూనుకుంది. పెట్టుబడి తిరిగి చేతికి రావడానికి పట్టే కాలం దానివల్ల తగ్గింది. చిన్న కుటుంబం సొంత డబ్బుతో నిలదొక్కుకోవడానికి అది చాలా ముఖ్యం.

నేను వెళ్ళేనాటి టానరీ ఒకటి ఎలా ఉండేదో చెబుతాను. గల్లీ పక్కన తెరిచిన మురుగుకాలవ, దాని మీద చిన్న వంతెన, ఇనుప గేటు, గేటు పైన చైనా అక్షరాల్లో సంస్థ పేరు. లోపల నేలంతా తడి. ఒకవైపు సున్నపు గుంటలు, మరోవైపు మనిషికన్న ఎత్తైన చెక్క డ్రమ్ములు తిరుగుతూ ఉంటాయి, వాటిలోంచి నీలిరంగు తోళ్ళు బయటికి వస్తాయి. పై అంతస్తులో అదే కప్పు కింద కుటుంబం కాపురం. అక్కడ గోడకు పూర్వీకుల ఫొటోలు, ఎర్ర దీపం, పళ్ళు పెట్టిన పళ్ళెం. మా కంపెనీ పంపిన క్రోమ్ పొడి బస్తాలు దిగుతుంటే లెక్క చూసుకునేది సాధారణంగా ఇంటి యజమానురాలే. భర్త పచ్చితోళ్ళ కొనుగోలుకు, బేరాలకు తిరిగేవాడు. డ్రమ్ములో ఏ మందు ఎంత పడాలో, ఏ కూలీ ఎన్ని గంటలకు వచ్చాడో, ఎవరికి ఎంత అడ్వాన్సు ఇచ్చారో ఆవిడకు తెలిసినంతగా ఎవరికీ తెలిసేది కాదు. బిహార్ నుంచి వచ్చిన కూలీలతో ఆవిడ మాట్లాడే హిందీ కోల్‌కతా హిందీయే. కోడళ్ళు పెళ్ళైన కొత్తల్లోనే తూకాలు నేర్చుకునేవాళ్ళు. చైనా కుటుంబ వ్యాపారం గురించి రాసేవాళ్ళు తాత, తండ్రి, కొడుకు అని వరస చెప్పి ఊరుకుంటారు. ఆ వరసలో కనబడని ఈ ఆడవాళ్ళ జీతంలేని శ్రమను లెక్కలోంచి తీసేస్తే ఆ టానరీల్లో సగం మొదటి అయిదేళ్ళలోనే మూతపడేవని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అందరికీ సొంత యంత్రాలుండేవి కావు. తోలును చీల్చే యంత్రం, సమంగా గీసే యంత్రం ఖరీదైనవి. అవి ఉన్న టానరీ, లేనివాళ్ళకు తోలుకు ఇంత అని తీసుకుని పని చేసిపెట్టేది. కాబట్టి నాలుగు గోడలూ, రెండు డ్రమ్ములూ ఉన్నవాడు కూడా యజమాని కాగలిగాడు. పచ్చితోళ్ళు అరువు మీద వచ్చేవి. చేతిలో డబ్బు లేనప్పుడు ఇంటిపేరు కలిసినవాళ్ళో, భార్య తరఫువాళ్ళో సర్దేవాళ్ళు. దక్షిణాసియాలోనూ ఆగ్నేయాసియాలోనూ చైనీయుల మధ్య నడిచిన అప్పు పద్ధతుల్లో చాలావరకు మన చీటీపాటే. తలా కొంత వేసి, అవసరమున్నవాడు తగ్గించి పాడుకోవడం. బ్యాంకులు దగ్గరికి రానివ్వనివాళ్ళు ఎక్కడైనా ఇలాంటి ఏర్పాటే చేసుకుంటారు. దాన్ని ఒక జాతి ప్రత్యేక గుణంగా చెప్పడం నాకు సరిగా తోచదు.

ఇక పంపకాలు. ఈ విషయంలోనే బయటివాళ్ళ ఊహకూ అసలు సంగతికీ మధ్య దూరం ఎక్కువ. చైనా కుటుంబం తరతరాలుగా ఒక్క ముద్దగా ఉంటుందని, పెద్దకొడుకు తండ్రి స్థానంలో కూర్చుని సంస్థను నడుపుతాడని చాలామంది అనుకుంటారు. చైనా సంప్రదాయంలో ఆస్తి కొడుకులందరికీ సమానంగా పోతుంది, పెద్దవాడికే మొత్తం దక్కే పద్ధతి లేదు. కాబట్టి ప్రతి సంస్థలోనూ విడిపోయే రోజు మొదటినుంచీ పొంచి ఉంటుంది. తండ్రి బతికున్నన్నాళ్ళూ డబ్బు పెట్టె ఒకటి, పొయ్యి ఒకటి. ఆయన పోయాక, ఒక్కోసారి ఆయన ఉండగానే, అన్నదమ్ములు వేరుకుంపటి పెట్టుకుంటారు. టాంగ్రాలో ఇది ఎలా జరిగేదంటే, అదే కట్టడంలో ఈ మూల డ్రమ్ములు పెద్దవాడివి, ఆ మూల గుంటలు రెండోవాడివి, యంత్రం వాడుకోవడానికి వంతులు. గేటు మీద మాత్రం తండ్రి పెట్టిన సంస్థ పేరే. నేను సరుకు ఇచ్చిన ఒక టానరీలో ఇలాగే ముగ్గురు అన్నదమ్ములుండేవాళ్ళు. బయటినుంచి చూస్తే ఒకే సంస్థ, నా పుస్తకంలో మాత్రం మూడు ఖాతాలు. ఒకరి బాకీ ఇంకొకరు కట్టేవాళ్ళు కారు, ఒకరి డ్రమ్ము చెడితే ఇంకొకరు తమ డ్రమ్ము ఖాళీ చేసి ఇచ్చేవాళ్ళు.

దీన్ని విచ్ఛిన్నం అని రాసే పరిశీలకులున్నారు. మన ఉమ్మడి కుటుంబాల్లో పంపకాలు చూసినవాళ్ళకు అది అంత పెద్ద విశేషంగా కనిపించదు. ఆ తండ్రులతో మాట్లాడినంతలో నాకు అర్థమైంది ఏమిటంటే, సంస్థ వందేళ్ళు నిలవాలన్నది వాళ్ళ ధ్యేయం కాదు. ప్రతి కొడుకూ ఎవరి కిందా పనిచేయకుండా సొంతంగా యజమాని కావాలన్నదే ధ్యేయం. సంస్థ అందుకు సాధనం. ఒక కొడుకు టానరీ తీసుకుంటే ఇంకొకడికి బూట్ల దుకాణం, మూడోవాడికి విదేశానికి వెళ్ళే ఖర్చు, ఇలా వాటాలు తేలేవి. అలా చూసినప్పుడు మూడో తరంలో టానరీ మూతపడటం ఓటమి కింద లెక్కకు రాదు. మీరు పరిశోధన చేస్తున్నట్లయితే సంస్థ వయసును కొలిచే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలని నా మనవి.

ఈ పంపకాల్లో ఆడపిల్లలకు వాటా ఉండేది కాదు. పెళ్ళి ఖర్చు, నగలు, అంతే. ఒకే ఇంటిపేరువాళ్ళు పెళ్ళాడకూడదన్న నియమం మన సగోత్ర నియమంలాంటిదే. టాంగ్రాలో ఉన్నవేమో కొన్ని ఇంటిపేర్లే. జనం తగ్గేకొద్దీ సంబంధం కుదరడం కష్టమై, ఆడపిల్లల చదువు, వలస, బయటి పెళ్ళిళ్ళు మగపిల్లలకన్న ముందే మొదలయ్యాయి.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వస్తాను. 1962 చైనా యుద్ధం ఈ సమాజపు గుర్తింపును చట్టంతో గీసింది. ఆ ఏడాది వచ్చిన విదేశీయుల చట్ట సవరణ ప్రకారం, భారత్ మీద దాడి చేస్తున్న దేశానికి ఒక వ్యక్తిగాని, అతని తల్లిదండ్రుల్లో ఒకరుగాని, తాత అవ్వల్లో ఒకరుగాని ఎప్పుడైనా పౌరులై ఉంటే, ఆ వ్యక్తి భారత పౌరుడైనా సరే విదేశీయుడికి వర్తించే ఆంక్షలు పెట్టే వీలు కలిగింది. అంటే తాతల తరం దాకా వెనక్కి వెళ్ళి నువ్వు ఎవరివో ప్రభుత్వమే తేల్చింది. అస్సాం, షిల్లాంగ్, డార్జిలింగ్, కాలింపాంగ్ వైపు కుటుంబాలను రాత్రికి రాత్రి పట్టుకుని రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి రైల్లో తరలించారు. సుమారు 3000 మంది అలా నిర్బంధంలో ఉన్నారు, కొందరు ఏళ్ళ తరబడి ఉన్నారు, కొందరిని ఓడల్లో చైనాకు పంపేశారు. వాళ్ళలో తేయాకు తోటల్లో పుట్టి, అస్సామీ తప్ప వేరే భాష రాని పిల్లలున్నారు. విడుదలై తిరిగి వచ్చినవాళ్ళలో చాలామందికి ఇల్లూ దుకాణమూ దక్కలేదు. ఆ రోజుల నిర్బంధితులు కొందరు కెనడాలో సంఘంగా ఏర్పడి భారత ప్రభుత్వం నుంచి క్షమాపణ కోరుతున్నారు. అది ఇంకా రాలేదు. రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

కోల్‌కతాలో శిబిరానికి వెళ్ళనివాళ్ళకూ ఆంక్షలు తప్పలేదు. నమోదైన చిరునామా విడిచి 24 గంటలకు మించి వేరేచోట ఉండాలంటే అనుమతి కావలసి వచ్చేది. పచ్చితోళ్ళ సంతలకు స్వయంగా వెళ్ళి సరుకు ఎంచుకునే వ్యాపారికి ఇది చేతులు కట్టేయడమే. అప్పటినుంచీ దళారుల మీద ఆధారపడవలసి వచ్చిందని పెద్దవాళ్ళు నాతో చెప్పేవాళ్ళు. పౌరసత్వం విషయంలో ఒకే ఇంట్లో రెండు రకాల మనుషులు తయారయ్యారు. 1955 పౌరసత్వ చట్టం కింద 1950 జనవరి 26 తరవాత ఇక్కడ పుట్టిన తమ్ముడు పుట్టుకతో భారతీయుడు, చైనాలో పుట్టి చంకనెక్కి వచ్చిన అన్న మాత్రం విదేశీయుల నమోదు కార్యాలయం చుట్టూ తిరిగే మనిషి. అలాంటి ఇంట్లో టానరీ కాగితాలు ఎవరి పేర ఉండాలన్నది ప్రేమాభిమానాలతో తేలే విషయం కాదు. పైగా 1968 శత్రు ఆస్తుల చట్టం ఉంది. ఆ చట్టం కింద ప్రభుత్వ సంరక్షకుడి చేతిలోకి వెళ్ళిన ఆస్తుల్లో 126 చైనా జాతీయులవని, వాటిలో ఎక్కువ మేఘాలయ, పశ్చిమ బెంగాల్‌లోనే ఉన్నాయని ప్రభుత్వం చెప్పింది. 2017 సవరణ తరవాత, వారసుడు భారత పౌరుడైనా ఆ ఆస్తి మీద హక్కు లేదు. తాత సంపాదన మనవడికి చేరుతుందా లేదా అన్నది ఇలాంటి చోట కుటుంబ విలువల మీద ఎంత ఆధారపడి ఉంటుందో మీరే ఆలోచించండి.

ఈ ఆంక్షల ప్రభావం అన్ని వృత్తుల మీదా ఒకేలా పడలేదు. ఓడరేవుల్లో, కర్మాగారాల్లో ఇంకొకరి కింద పనిచేసే కాంటనీస్ వడ్రంగులు ఉద్యోగాలు పోగొట్టుకుని చెదిరిపోయారు. సొంత టానరీ ఉన్న హక్కాలు నిలిచారు. వాళ్ళ పిల్లలకు ప్రభుత్వోద్యోగం ఊహకు అందనిది, బయట ఎవరైనా పని ఇస్తారన్న నమ్మకమూ లేదు. అందువల్ల కూడా మూడో తరం తండ్రి డ్రమ్ము దగ్గరే నిలబడింది. 1962 తరవాతి ముప్పై ఏళ్ళలో టాంగ్రా కుటుంబ వ్యాపారం అంత గట్టిగా కనిపించడానికి మూసుకుపోయిన మిగతా దారులు ఒక పెద్ద కారణం. గుర్తింపుకూ ఇదే వర్తిస్తుంది. చైనా ముఖం చూసి పోలీసు ఠాణాకు రమ్మన్నవాడు, ఇంట్లో ఎలా అనుకున్నా, వీధిలో చైనీయుడే.

అలాగని గుర్తింపంతా పైనుంచి రుద్దినదే అనుకోకూడదు. నగరంలోని పాత చైనా పేట అయిన టిరెట్టా బజార్ చుట్టుపక్కల సీ ఇప్, నామ్ సూన్, తూంగ్ ఆన్ లాంటి గుడులున్నాయి, కోల్‌కతాలో వాటిని చర్చి అనే పిలుస్తారు. ఒక్కొక్కటి ఒక్కొక్క జిల్లావాళ్ళ సంఘం. కొత్తగా వచ్చినవాడికి ఆశ్రయం, తగవుల తీర్పు, శవ సంస్కారం అన్నీ ఒకప్పుడు వాటి పనే. టాంగ్రాలో పేయ్ మే బడి ఉండేది. 1969లో మొదలైన చైనా భాషా దినపత్రిక ఒకటి ఇక్కడినుంచే వచ్చి, కోవిడ్ కాలంలో ఆగిపోయింది. వీటన్నిటికీ చందాలు టానరీల నుంచే వెళ్ళేవి. గుర్తింపును నడిపే ఖర్చు వ్యాపారం భరించిందన్నది ఇక్కడ ముఖ్యమైన సంబంధం. అదే టాంగ్రాలో చైనీయులు పూజలు చేసే కాళీ గుడి ఉంది, అక్కడ అమ్మవారికి నూడుల్స్ నైవేద్యం పెడతారు. అది చూసి వింతగా రాసే పత్రికలవాళ్ళు ఏటా ఉంటారు. తరాలుగా బెంగాల్లో బతికినవాళ్ళు కాళికి మొక్కుకోవడంలో వింతేముంది? తాము తినేది పెట్టారు.

1996 డిసెంబరులో సుప్రీంకోర్టు గంగానది కాలుష్యం కేసులో టాంగ్రా, తిల్జలా, తోప్సియా, పాగ్లాడాంగా టానరీలను నగరం బయటికి, బాంతలాలో కట్టే తోలు పరిశ్రమల సముదాయానికి తరలించాలని ఆదేశించింది. రసాయనాలు అమ్మినవాడిగా ఆ నీళ్ళలో ఏముండేదో నాకు తెలుసు కాబట్టి ఆ ఆదేశం అవసరమైనదేనని చెబుతాను. కొత్తచోట భూమికి, శుద్ధి వ్యవస్థలో వాటాకు, కొత్త యంత్రాలకు పెట్టుబడి పెట్టాలా అన్నది ఒక్కో ఇంట్లో ఒక్కోలా తేలింది. పిల్లలు దగ్గరుండి నడుపుతారన్న నమ్మకమున్నవాళ్ళు వెళ్ళారు. అప్పటికే ఇద్దరు కొడుకుల్ని టొరంటో పంపిన అరవై ఏళ్ళ తండ్రి ఎవరికోసం వెళ్తాడు? టానరీ షెడ్లు కొన్ని రెస్టారెంట్లయ్యాయి, కొన్ని గోదాములయ్యాయి, కొన్ని తాళాలతో ఉండిపోయాయి. షిల్లాంగ్‌లో పెరిగి, చిన్నతనంలో దేవ్‌లీ శిబిరంలో గడిపిన మోనికా లియూ తరవాత కోల్‌కతాలో పేరున్న రెస్టారెంట్ల యజమానురాలయ్యారు. వారసత్వంలో వాటా లేని ఆడపిల్లలు తోళ్ళ తరవాతి వ్యాపారాల్లో ముందుకు రావడం నేను చూసిన మార్పుల్లో నాకు ఎక్కువ సంతోషం కలిగించింది.

కెనడా 1967లో జాతి చూడకుండా అర్హతలకు పాయింట్లు ఇచ్చే వలస విధానం తెచ్చాక టాంగ్రా కుటుంబాలకు అక్కడ దారి దొరికింది. ఇవాళ టొరంటో చుట్టుపక్కల హక్కా రెస్టారెంటు అన్న బోర్డు కనబడితే లోపల దొరికేది చిల్లీ చికెన్, మంచూరియా, కారం దట్టించిన నూడుల్స్. బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళలో పంజాబీలు, గుజరాతీలు, పాకిస్తానీలు, మన తెలుగువాళ్ళు. హాంగ్‌కాంగ్ నుంచి వచ్చిన చైనీయులు అక్కడ అరుదుగా కనిపిస్తారు. అలాంటి ఒక రెస్టారెంటులో గల్లాపెట్టె దగ్గరున్న పెద్దాయన నాతో హిందీలో మాట్లాడి, లోపలికి హక్కాలో కేకవేసి, మనవరాలికి ఇంగ్లీషులో జవాబిచ్చాడు. కోల్‌కతాలో చైనావాడు అనిపించుకున్న మనిషిని అక్కడి చైనీయులు ఇండియావాడంటారు. మన రుచి తెలుసన్నదే ఇప్పుడు ఆయన వ్యాపారానికి ఆధారం. ఏ దేశంలో పరాయివాడన్నారో ఆ దేశపు వంట ఆయన కుటుంబానికి నాలుగో తరంలో అన్నం పెడుతోంది. గుర్తింపు తగ్గిందా పెరిగిందా అని కొలిచేవాళ్ళు ఈ ఇంటిని ఏ గడిలో రాస్తారో నాకు తెలియదు.

ఆగ్నేయాసియా గురించి కూడా మీరు అడిగారు కాబట్టి కొంత చెబుతాను. మనందరికీ తెలిసిన టైగర్ బామ్ హక్కా కుటుంబానిదే. ఔ చూ కిన్ 1870లలో రంగూన్‌లో మందుల దుకాణం పెట్టాడు. ఆయన కొడుకులు బూన్ హా, బూన్ పార్ ఆ బామును తయారుచేసి, 1920లలో సింగపూర్ చేరి ఆసియా అంతటా అమ్మారు. మూడో తరంలో, 1969లో షేర్లు బజారుకెక్కిన రెండేళ్ళకే సంస్థ బ్రిటిష్ కంపెనీ చేతికి పోయింది. సోయా సాస్‌తో మొదలైన యో హియాప్ సెంగ్‌లో 1994 నాటి కుటుంబ తగాదా తరవాత ఏడాదికే పెత్తనం బయటివాళ్ళకు పోయింది. 1879లో పేరాక్‌లోని గోపెంగ్‌లో తగరపు గని కార్మికులకు మందులిస్తూ మొదలైన యూ యాన్ సాంగ్, ఒకసారి చేజారి, ముని మనవడి తరంలో తిరిగి చేతికి వచ్చి, 2024లో జపాన్ సంస్థలకు అమ్ముడుపోయింది. వీటిలో సమాన వాటాల పద్ధతి కనిపిస్తుంది, దానికి షేర్ల బజారు తోడైంది. టాంగ్రాలో వాటా అంటే డ్రమ్ము, గుంట, గోడ. అమ్ముకోవాలన్నా అన్నదమ్ములకే అమ్ముకోవాలి. వాటా కాగితమైనచోట అలిగిన తమ్ముడు దాన్ని ఎవరికైనా అమ్మగలడు.

గుర్తింపు విషయంలో ప్రభుత్వాల పాత్ర అక్కడ ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఇండోనేషియాలో 1966 తరవాత చైనీయులు ఇండోనేషియా పేర్లు పెట్టుకోవాలని ఒత్తిడి తెచ్చారు. 1967 నాటి ఆదేశంతో వాళ్ళ పండుగలు, ఆచారాలు నాలుగు గోడల మధ్యకు పోయాయి. పేరు మార్చుకున్నంత మాత్రాన 1998 మే నెల అల్లర్లలో ఎవరూ వాళ్ళను వదిలిపెట్టలేదు. దేశంలోకెల్లా పెద్ద వ్యాపారి అయిన సుదోనో సలీం, అసలు పేరు లియెం సియో లియోంగ్, జకార్తా ఇల్లు కూడా తగలబడింది. ఆ ఆంక్షలు 2000లో రద్దయి, 2003 నుంచి చైనా నూతన సంవత్సరం జాతీయ సెలవైంది. థాయ్‌లాండ్‌లో పెళ్ళిళ్ళు కలిశాయి, థాయ్ ఇంటిపేర్లు వచ్చాయి, మనవలు థాయ్‌లుగానే పెరిగారు. 1921లో బ్యాంకాక్‌లో విత్తనాల దుకాణంగా మొదలైన సీపీ గ్రూపు కుటుంబం ఇప్పటికీ సంస్థను తన చేతిలోనే ఉంచుకుంది. గుర్తింపు మెత్తబడినచోట వ్యాపారం నిలిచింది, గుర్తింపు గట్టిగా ఉన్న టాంగ్రాలో వ్యాపారం ముగిసింది. ఈ రెండింటికీ సూటిగా ముడిపెట్టే సిద్ధాంతాలను అందుకే నేను నమ్మను.

మన తెలుగువాళ్ళతో పోల్చవచ్చా అని మీరు చివర్లో అడిగారు. మలేషియాలో పోల్చవచ్చు. బాగన్ డాతో వైపు తోటలకు కూలీలుగా వెళ్ళిన తెలుగువాళ్ళకు పంచుకోవడానికి దుకాణమూ లేదు, భూమీ లేదు. ఉన్న ఇల్లు తోటదే. భాషను నిలుపుకోవడానికి వాళ్ళకు మిగిలిన సాధనం సంఘమే. 1955లో ఏర్పడిన ఆంధ్ర సంఘం తరవాత మలేషియా తెలుగు సంఘమైంది, అది తెలుగు తరగతులు నడుపుతోంది. అక్కడి చైనా బళ్ళకు వ్యాపారుల డబ్బు అండగా ఉండగా, తెలుగు తరగతులు కూలి డబ్బుల చందాలతో మొదలయ్యాయి. అమెరికాలో ఉద్యోగాలతో వెళ్ళిన తెలుగువాళ్ళతో పోల్చడం మాత్రం కుదరదు. జీతం మీద బతికే ఇంట్లో కొడుకుకు అప్పగించే డ్రమ్ము ఉండదు.

మీరు నిజంగా ఈ విషయం మీద పని చేయదలచుకుంటే, సంస్థల చరిత్ర పుస్తకాలతో మొదలుపెట్టకండి. అవి గెలిచిన కొడుకు రాయించినవి. ఒక కుటుంబాన్ని ఎంచుకుని, భూమి దస్తావేజు ఎవరి పేర ఉందో, ఎవరి పౌరసత్వం ఏమిటో, ఏ ఏట ఎవరు వేరుపడ్డారో, అప్పుడు ఎవరికి ఏం దక్కిందో వరసగా రాసుకోండి. ఆ తరవాత ఆ ఇంటి కోడళ్ళతో, పెళ్ళై వెళ్ళిపోయిన ఆడపిల్లలతో మాట్లాడండి. టాంగ్రాలో అలాంటి పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు, ఆదివారం ఉదయం టిరెట్టా బజార్‌లో పోద్దార్ కోర్ట్ దగ్గర ఫలహారాల బళ్ళ దగ్గరకు కొందరు వస్తారు. హిందీ వస్తే చాలు, హక్కా రానవసరం లేదు. ఎనభై దాటినవాళ్ళతో ముందు మాట్లాడండి. పిల్లల పిలుపు మీద విదేశాలకు వెళ్ళిపోయేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు.